ఖాళీ చేయించే మనిషి

కోర్టు అమీనా తాళాల మేస్త్రీని గడప పక్కన నిలబెట్టి, ఉత్తర్వు పైకి చదివాడు. ఇళ్లు ఖాళీ చేయించడం అతని ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్లుగా నోటీసులిచ్చి, మనుషులు దొరక్కపోతే తలుపుకు అంటించి, గడువు దాటాక ఇలా వచ్చి నిలబడతాడు. ఏడుపులు, శాపనార్థాలు అతనికి అలవాటే. ఇవాళ అలవాటు లేనిది ఎదురైంది.

అది సూదులత్త ఇల్లు. కాంపౌండరుగా రిటైరై, వీధిలో అందరికీ ఇంజెక్షన్లు చేసే ముసలావిడ. ఓనరు తన కొడుక్కి ఇల్లు కావాలని కేసు వేశాడు. నాలుగేళ్లు నడిచి, ఆవిడ ఓడిపోయింది. వాకిలి నిండా జనం. గొడవల్లా ఆవిడ ఎవరింటికి వెళ్లాలనే.

"మేడ మీద గది కడిగించానత్తా," అంది టైలరు భార్య.

"మెట్లెక్కించి చంపుతావా ఏంటి? మా ముందుగది ఉంది, పదత్తా," అంటూ బేకరీ అతను మంచం ఎత్తబోయాడు.

అమీనా పదకొండు అద్దె ఇళ్లు మారాడు. సామాను బండి కదులుతుంటే ఎక్కడికని అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. భార్య పోయిన రోజు పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. ఇల్లు పోయింది ఈవిడకి, దిక్కులేనివాడు తనా?

"సాయంత్రం దాకా ఆగండి సార్. ఎండ తగ్గాక తీసుకెళ్తాం," అన్నాడు బేకరీ అతను.

ఆగవచ్చు. ఎన్ని ఇళ్ల దగ్గర ఆగలేదు!

"కుదరదు. అరగంట," అన్నాడు.

జనం వెంటనే సామాను ఎత్తడం మొదలుపెట్టారు. అదీ గుచ్చుకుంది. చేతులు మార్చుకుంటూ అరగంట కాకముందే ఇల్లంతా ఖాళీ చేసేశారు. గడప దాటబోతూ అత్త ఆగింది. బేకరీ అతని చేతిలో కుర్చీ చూసి, "అది ఉంచరా. వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నాడు, రాసుకోవాలిగా," అంది. అమీనా వైపు తిరిగి, "కుంటుతున్నావు నాయనా, ఆ మోకాలు ఎవరికైనా చూపించుకో," అని, టైలరు భార్య భుజం పట్టుకుని నడిచింది. మలుపు తిరిగేదాకా వాళ్ల మాటలు, మధ్యమధ్య నవ్వులు వినిపించాయి.

తాళం వేసేముందు రిపోర్టు రాయాలి. కాగితం గోడకు ఆనించి, నిలబడే, "లోపల వస్తువులేమీ లేవు" అని రాసి సంతకం పెట్టాడు. గది మధ్యలో, వైరు అల్లిక కుంగిన పాత కుర్చీ అతనివైపే తిరిగి ఉంది.