రైలు డ్రైవరు కారు

మా బావ అరెజ్కీ రైలు డ్రైవరు. వారమంతా అల్జీర్స్ దారిలో రైలు నడిపి వచ్చిన మనిషికి సొంత కారు బయటికి తీయాలంటే బద్ధకం. ఎప్పుడైనా శుక్రవారం మా అమ్మను చూడ్డానికి కొండమీది ఊరికి, ఏడాదికోసారి ఆలివ్ గానుగకు, అంతే. అందుకే పదిహేనేళ్లలో ఆ కారు ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లే తిరిగింది. బావ పోయాక అక్క వర్దియా దాన్ని అమ్మేద్దామంది. ఇద్దరం తీజీ ఊజూ పట్నంలోని కార్ల సంతకు తీసుకెళ్లాం.

ఇది మా ఆయన కారని, టైర్లు, ఇంజను బెల్టు మార్చుకోవాలని అక్క వచ్చిన ప్రతివాడికీ ముందే చెబుతోంది. లమీన్ అనే బట్టల వ్యాపారికీ చెప్పింది. అతను మీటరు చూసి పకపకా నవ్వాడు.

"పదిహేనేళ్లకు ఇంతేనా పెద్దమ్మా? తక్కువలో తక్కువ లక్షన్నర తిరిగుంటుంది. మీటరు వెనక్కి తిప్పించేశాడన్నమాట. మీ ఆయన గడుసువాడే!"

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. అక్క ముఖం కందగడ్డలా అయింది.

"నన్నంటే పడతాను. మట్టిలో ఉన్న మనిషిని దొంగంటావా? రా, ఇటు రా!"

అతని చొక్కా పట్టుకుని డ్రైవరు తలుపు దగ్గరికి లాక్కెళ్లింది.

"వంగు. బ్రేకు పెడల్ మీది గీతలు అరిగాయా? స్టీరింగ్ తడిమి చూడు, నున్నబడిందా? నువ్వన్నంత తిరిగితే ఈ సీటు అంచు చిరిగి స్పాంజి బయటికొచ్చేది కాదూ?"

లమీన్ వంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. అయినా ఓడిపోవడం ఇష్టంలేక టైరును కాలితో తన్నాడు.

"తిరగని బండికి ఈ బీటలేంటి మరి?"

"ఎండకు! పదిహేనేళ్లు ఎండలో నిలబెడితే నువ్వూ బీటలు వారతావు. తిరిగితే ఇనుము అరుగుతుంది, తిరక్కపోతే రబ్బరు చస్తుంది. ఆ మాట నీకు ముందే చెప్పానా లేదా?"

లమీన్ మెత్తబడ్డాడు. "నోరు జారాను పెద్దమ్మా. బండి మంచిదే. మీరు అడిగినంతే ఇస్తాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం తలుపు దభాలున వేసింది.

"నీకివ్వను. ఆయన కూర్చున్న సీట్లో నువ్వు కూర్చోకూడదు."

"అక్కా, మంచి బేరం..."

"నువ్వు నోర్ముయ్!"

వచ్చిన దారినే కారులో ఇంటికి వెళ్లిపోయాం. దారి పొడుగునా ఆమె కోపం చల్లారలేదు.

తర్వాతి వారం మళ్లీ సంతకు తీసుకెళితే, ఒక నర్సు కారు చూడ్డానికి వచ్చింది. ఆమె కూడా మీటరు చూసి ఆశ్చర్యపోయింది. "ఇంత తక్కువా? ఎవరు నడిపేవారమ్మా?" అని మాత్రమే అడిగింది.

అక్క ఆమెను సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, బావ గురించి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా బేరం సంగతి ఇద్దరికీ గుర్తురాలేదు.