దేవుడి మూర

అంబదాస్‌కు భయం కొత్త కాదు. తాడును చూసి పామనుకునేవాళ్లు ఉంటారు. ఆయన తాడు లేని చోట కూడా పాము ఉంటుందేమో అని చూసుకుని అడుగు వేసే రకం. పొట్టకూటికి వలస వచ్చి లింబాయత్ నేతవాడ సందుల్లో ఏళ్ల తరబడి మరమగ్గాలు నడిపినా, మోటారు స్విచ్ వేసేటప్పుడు ఇప్పటికీ కళ్లు మూసుకుంటాడు. అలాంటివాడు జన్మకొక్కసారి ధైర్యం చేసి ఒక దొంగపని చేశాడు. అది సరిగ్గా నేతవాళ్ల పండగ నూలు పున్నమి నాడే మెడకు చుట్టుకుంది.

ఆ మధ్యాహ్నం భార్య స్వరాజ్యం ఇచ్చిన గారెల డబ్బా పట్టుకుని, కూతురు కరుణ పనిచేసే కుట్టు కార్ఖానాకు వెళ్లాడు. యూరప్‌లో తిరిగే చిన్న విమానాల సీట్లకు తొడుగులు కుట్టే చోటది. సాయంత్రానికి సరుకు వెళ్లాలి కాబట్టి పండగైనా సెలవు లేదు. బట్టను పరీక్షించడం కరుణ పని. ఆ బట్ట నేసే పని తండ్రికి ఇప్పించింది కూడా ఆమే. "మా బాపు చెయ్యి పడ్డదంటే మళ్ల చూసే పని లేదు" అని యజమాని ముందు పూచీ పడింది.

గారె కొరుకుతూ కరుణ విమానాల ముచ్చట మొదలుపెట్టింది.

"అక్కడ పైసలున్నోళ్లు గూడ ఇప్పుడు సొంత ఇమానం కొంటలేరట బాపూ. గంటల లెక్కన కిరాయికి తీసుకుంటున్నరు. మన షేర్ ఆటో లెక్కనే. పొద్దుగాల ఒకలు, పగటీలి ఇంకొకలు. ఖాళీగ వాపస్ పోయేదుంటే అగ్గువకు గూడ ఎక్కించుకుంటరట. కుక్కలు సుత ఎక్కుతయి. గందుకే సీట్లు జల్ది ఖరాబైతున్నయి, మనకు ఆర్డర్లు వస్తున్నయి."

షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని కూర్చునే కోటీశ్వరులను తలుచుకుని అంబదాస్ నవ్వాడు. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు.

"జర ఇది సూడు" అంటూ కరుణ, తండ్రి నేసిన రోల్ పైకొస నుంచి కత్తిరించిన పేలికను పటకారుతో పట్టుకుని కింద లైటర్ వెలిగించింది. బట్ట నల్లబడింది. లైటర్ తీయగానే ఆరిపోయింది. తర్వాత మామూలు పాలిస్టర్ పేలికకు అంటించింది. భగ్గుమంది. కరిగి, మండుతూనే చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది. పడ్డ చోట కూడా కాసేపు మండింది.

"మీద గాలిల ఉన్నప్పుడు గిట్లయితే దిగి ఉరికేటందుకు ఉండదు గద" అంది కరుణ.

అంబదాస్ చేతిలోని గారె చేతిలోనే ఉండిపోయింది.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. కొత్త పడుగు మీద తెగిన మొదటి మూర కులదైవం మార్కండేయుడిది. నూలు పున్నమికి గుడిలో దేవుడి భుజాల మీద కప్పాలి. ఈ ఆర్డరుకు ఖరీదైన నూలు ఇవ్వడానికి ముందు యజమాని అదే రంగు మామూలు నూలుతో కొంచెం నేయించి చూశాడు. ఆ ముక్క దిండుకు పనికొస్తుందని అంబదాస్ ఇంటికి తెచ్చుకున్నాడు. అసలు బట్ట మొదలవగానే దేవుడి మూర కత్తిరించి అదీ తెచ్చాడు. తీరా రోల్ కొలిస్తే ఆ మూరే తక్కువైంది. చెబితే కూతురి మాట పోతుంది, దేవుడిది తిరిగి పెడితే దేవుడికి కోపం వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరుగున ఇంటికి వచ్చాడు. కరెంటు లేదు. కిటికీ లేని గదిలో పెట్టె తడిమి, దిండు ముక్కను తీసి, రోల్ లోపలి కొసకు కుట్టేశాడు. చూపుకు రెండూ కవలలే. ఆ నూలు అంత ఖరీదు ఎందుకో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు తెలిసింది. బయట పెట్టెలు బండిలోకి ఎక్కుతున్నాయి. వాటిలో ఏదో ఒక తొడుగులో దిండు ముక్క ఉంది. దాని మీద రేపు ఎవరో కూర్చుంటారు. పైన మబ్బులు, కింద మబ్బులు, మధ్యలో ఏ వైరో చిటపటమంటుంది. అంబదాస్ లేచి గుమ్మం దాకా వెళ్లాడు. చెబితే తన కూతురి ఉద్యోగం, చెప్పకపోతే ఎవరి కూతురి ప్రాణమో. వెనక్కి వచ్చి చెప్పేశాడు.

కరుణ మొహం పాలిపోయింది. "గాడీ రోకో!" అని అరుస్తూ బయటికి పరిగెత్తింది.

పెట్టెలన్నీ దిగాయి. ఒక్కో తొడుగును తిరగేసి, లోపలి కుట్టు దగ్గర నాలుగు పోగులు లాగి, లైటర్ పెట్టి చూసింది. లైటర్ టిక్కుమన్న ప్రతిసారీ అంబదాస్ కళ్లు మూసుకున్నాడు. ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కాడు. ఆఖరి తొడుగు పోగులు కూడా నల్లబడి ఆరిపోయాయి.

"ఒక్కటి గూడ అంటుకోలే" అని కరుణ కింద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "చీకట్ల ఒకటనుకొని ఇంకోటి తీసినవ్ బాపూ. నువ్వు కుట్టింది అసలు బట్టనే. దేవుని మూరనే!"

అంబదాస్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అది వదిలే లోపే ఇంకో సంగతి తట్టింది. దేవుడి మూర విమానానికి పోతే, పెట్టెలో మిగిలింది ఏది? పొద్దున స్వరాజ్యం పసుపు బొట్లు పెట్టి గుడికి తీసుకెళ్లింది ఏది? ఈ ఏడు సాయంత్రం హారతి పట్టే వంతు ఆమెదే.

ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. డప్పుల మోతలో ఎవరెత్తుతారు? ఆటో ఎక్కితే లింబాయత్ మొదట్లోనే ఊరేగింపు అడ్డమైంది. దిగి పరిగెత్తాడు. చెమటతో కళ్లు మండుతుంటే ఆయనకు కనిపిస్తున్నది ఒక్కటే, మండుతూ రాలే చుక్కలు. వాటి కింద స్వరాజ్యం పండగకు ఎప్పుడూ కట్టుకునే పసుపు చీర. తన జీవితమంతా లేని పాముల కోసం వెతికి, ఉన్న పామును తనే ఇంట్లో పెట్టుకున్నందుకు ఏడుపొచ్చింది.

గుడిలో గంటలు మోగుతున్నాయి. జనం భుజాల మీదుగా చూశాడు. బూడిద రంగు బట్ట దేవుడి భుజాల నుంచి కిందికి వేలాడుతోంది. దాని ముందే స్వరాజ్యం, పళ్లెంలో కర్పూరం కుప్ప వెలుగుతోంది. ఆమె కళ్లు మూసుకుని పళ్లెం పైకెత్తింది. మనుషులను తోసుకుంటూ, చెప్పులతోనే గడప దూకి, దేవుడి మీది బట్టను ఒక్క గుంజు గుంజాడు.

కొస అప్పటికే అంటుకుంది. మండే చుక్క ఒకటి అరచేతిలో పడింది. బట్టను నేలకు కొట్టి, ఆరేదాకా తొక్కాడు.

డప్పులు ఆగిపోయాయి. కులపెద్ద లస్మయ్య వచ్చి కాలరు పట్టుకున్నాడు.

"దేవుని మీది బట్ట గుంజుతవార? చెప్పులేసుకొని తొక్కుతవా? కండ్లు నెత్తికెక్కినయా?"

"మార్కండేయునికి సావు లేదు పెద్దనాయినా" అన్నాడు అంబదాస్. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "మా స్వరాజ్యానికి ఉన్నది."

లస్మయ్య కింద కరిగి గడ్డకట్టిన బట్టను చూశాడు. స్వరాజ్యాన్ని చూశాడు. కాలరు వదిలేశాడు.

స్వరాజ్యం మగని అరచేతిని చెంబు నీళ్లలో ముంచి పట్టుకుంది. ఆయన జరిగిందంతా చెప్పేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

"అయితే దేవుని మూర ఇమానంల పోయిందా?"

"పోయింది."

"దానిమీద ఎవలు కూసుంటరు?"

"ఎవలో. కిరాయికి వచ్చేటోళ్లు. కుక్క గూడ కూసుంటదట."

స్వరాజ్యం ఒకసారి దేవుడి బోసి భుజాల వంక చూసింది.

"ఎవలన్న కూసోనీ" అంది. "కాలకపోతే సాలు."