కాప్రా వైపు తిరిగే ముల్లు

ఆదివారం చేప తిన్నాక ప్లేటులో మిగిలిన ముల్లు, తలతో సహా, మెల్లగా కాప్రా వైపు తిరిగేది. తిరుమలగిరిలో యుగంధర్ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే వరస. అందుకే ఆయన ప్లేటు పక్కన భార్య కల్పలత, ముల్లు తగిలి ఒలుకుతుందని, రసం గిన్నె పెట్టదు.

"జెర జరుపుండ్రి, తిరుగుతాంది," అంది ఆ రోజు కూడా. "మోండా మార్కెట్ల చేపలమ్మే రోసమ్మ చెప్పింది. కాప్రాల ఉండే జకర్యా బిడ్డ గ్రేసీ మీ కాలేజీ ల్యాబ్ నౌకరికి పెట్టుకుందట. రేపే ఇంటర్వ్యూ. తండ్రి దొంగ అని రిజిస్టర్ల ఉన్నదట, ఇయ్యరంటున్నరు."

యుగంధర్ చెయ్యి కడుక్కోవడం మరిచిపోయాడు.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆయన జువాలజీ లెక్చరర్‌గా ఉన్నప్పుడు జకర్యా ల్యాబ్ అటెండర్. ఆ ల్యాబులో ఫార్మలిన్ వాసనకి ఎంతమంది బి.కాం.కి మారారో, అది వేరే కథ. గార్ అనే పురాతన జాతి చేప అస్థిపంజరాన్ని జకర్యా తీగతో కూర్చాడు. పుస్తకం పెట్టుకుని లెక్కపెడితే వెన్నులో ముందటి రెండు పూసలు తక్కువొచ్చాయి.

"యాడికి పోలే సార్, పుర్రె ఎనక అతుక్కున్నయ్," అన్నాడు జకర్యా.

"నాకే పాఠం చెప్తవా?"

ఆ పూసలను వేరే కాలేజీకి అమ్ముకున్నాడని యుగంధర్ ప్రిన్సిపాల్‌కి రాసి పంపాడు. జకర్యా నౌకరి పోయింది. నెల తిరక్కుండానే యుగంధర్ ఇంకో పుస్తకంలో చదివాడు: ఇలాంటి పాత జాతుల్లో మొదటి పూసలు పుర్రెలోనే కలిసిపోతాయట. పుస్తకం మూసి, బీరువాలో పెట్టి, తాళం వేశాడు.

ఇప్పుడు ప్లేటు పట్టుకుని ఆటో ఎక్కాడు.

"కాప్రాల ఎక్కడ సాబ్?"

"ముల్లు చూస్కుంట పో."

"మ్యాప్ కన్న ఇదే నయం," అని ఆటో అతను ఎడమకు తిప్పాడు.

చెరువు దగ్గరి ఇంటి ముందు ముల్లు ఆగింది. జకర్యా తలుపు తీసి ప్లేటు చూశాడు.

"పూసలు దొరికినయా సార్?"

"పుర్రెలనే ఉన్నయ్. నువ్వు చెప్పినట్టే."

"ఎప్పుడు తెల్సింది?"

"ఆ నెలలనే." యుగంధర్ తలెత్తలేదు.

జకర్యా ప్లేటు అందుకుని అరుగు మీద పెట్టాడు. "తెల్వక చేసిన్రనుకున్న ఇన్నేండ్లు. గట్లనుకునే మాఫ్ చేసిన. నాకు చెప్తే ఏమొస్తది? రేపు ఆడ చెప్పుండ్రి."

మర్నాడు ఇంటర్వ్యూ గదిలో, గ్రేసీ ఎదుటే, యుగంధర్ గార్ పుర్రె దింపించి వెనక భాగం చూపించాడు. రిజిస్టర్‌లో తన చేత్తో రాశాడు: "జకర్యా దొంగ కాదు. తెలిసీ దాచింది నేను." గ్రేసీకి ఉద్యోగమొచ్చింది. వెళ్తూ ఆ అమ్మాయి ఆయనకు నమస్తే పెట్టలేదు.

పై ఆదివారం ముల్లు కాప్రా వైపు తిరగలేదు. కల్పలత నిశ్చింతగా రసం గిన్నె దగ్గరికి జరిపింది.

అప్పుడు కదిలింది ముల్లు. గిన్నెను ఒరుసుకుంటూ తిరిగి, యుగంధర్ ముఖం వైపు తల పెట్టి ఆగింది.