రెండో రెక్క

నేను ఒక మూడు చక్రాల బండిని. చేతులతో తిప్పే పెడళ్ళున్న బండిని. సర్కారు చేయించింది కాబట్టి నా వీపు మీద పథకం పేరు మాత్రం పెద్దక్షరాలతో రాయించారు. పంచిపెట్టే రోజున మమ్మల్నందరినీ స్టేజీ ఎక్కించి వరసగా నిలబెట్టారు. తీసుకోవలసినవాళ్ళు మెట్లెక్కలేరన్న సంగతి ఫొటో తీసే వేళకు గాని ఎవరికీ తట్టలేదు. వాళ్ళను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టి, తర్వాత మమ్మల్నీ వాళ్ళనీ కలిపి కిందికి దించారు.

అలా నాకు దక్కిన మనిషి మస్తానమ్మ. పసితనంలోనే పోలియో వల్ల రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పొగాకు గ్రేడింగు కూలికి వెళ్ళే తల్లి వీపున మోసి ఆమెను పదో తరగతి గట్టెక్కించింది. ఆపై చదువంతా నా మీదే సాగింది.

వికలాంగుల కోటాలో ఆమెకు మండలాఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు ఇద్దరం ఎంత మురిసిపోయామో. తీరా వెళ్ళి చూస్తే అది ఏరు పొంగినా మునగకుండా ఎత్తుగా కట్టిన పాత కచేరీ. ముందంతా మెట్లే. ఆమె నన్ను కింద వదిలి, కుచ్చిళ్ళు దోపుకుని, అరచేతులు ఆనించి ఒక్కో మెట్టూ పాకుతూ ఎక్కేది. వచ్చేపోయేవాళ్ళు మర్యాదకొద్దీ ముఖం తిప్పుకునేవారు. లోపల ఆమె తన కుర్చీలో ఎలా కూర్చుంటుందో ఒక్కసారి చూడాలని నా ప్రాణం కొట్టుకునేది. ఈలోగా ప్రభుత్వం వికలాంగులనే మాట మాని దివ్యాంగులని పిలవడం మొదలుపెట్టింది. మెట్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒకనాడు ఆఫీసరు గారు స్వయంగా దిగివచ్చారు. మంచి మనిషే.

"మస్తానమ్మ గారూ, మీ టేబులు ఇక్కడ సైకిల్ షెడ్డులో వేయిస్తాను. ఈ అవస్థ తప్పుతుంది."

"అవస్థ తప్పిద్ది సార్. పని కూడా తప్పిద్ది," అంది మస్తానమ్మ. "షెడ్డులో ఉన్నదాని మాట ఎవరింటారు? పింఛన్ల కోసం వచ్చే ముసలోళ్ళు కూడా మెట్ల కాడే కూలబడతన్నారు. అందరికీ పనికొచ్చేట్టు ర్యాంపు కట్టించండి."

ఆయన పైకి రాశారు. పైవాళ్ళు ఇంకా పైకి రాశారు. ఆ ర్యాంపు లేచేసరికి రెండు ఎన్నికలు దాటిపోయాయి, నాకు తుప్పు పట్టింది.

పూర్తయిన ఉదయం మస్తానమ్మ నా మీంచి దిగకుండానే పైకి వచ్చింది. గుమ్మం చేరాక ముందు చక్రం లోపలికి పోయింది గాని వెనక చక్రాలు పట్టలేదు. తలుపు ఒక రెక్కే తెరిచి ఉంది. రెండోదానికి గడియ.

అటెండరు కొండలు నొచ్చుకుంటూ చెప్పాడు. "ఆ రెక్క కలెక్టరు గారొచ్చినప్పుడే తీసేది మేడమ్. మా నాయన ఉద్యోగం చేసేటప్పట్నుంచీ అంతే."

"ఆయన ఏడాదికోసారి వస్తాడు. నేను రోజూ వస్తా గదయ్యా. తియ్యి."

కొండలు ఆఫీసరు గారి వంక చూశాడు. ఆయన తలూపారు. గడియ బిగుసుకుపోయి ఉంటే ఇద్దరూ కలిసి లాగారు. ఆ రోజు మస్తానమ్మ కుర్చీ చూశాను. కిటికీ పక్కన, అందరి కుర్చీల వరసలోనే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

తర్వాత ఆమెకు బ్యాటరీ బండి వచ్చింది. నన్ను కచేరీ వెనక వేలం సామాన్లలో పడేశారు. మొన్న ఆమెకు ప్రమోషన్ మీద జిల్లా ఆఫీసుకు బదిలీ అయింది. వెళ్ళేముందు నా సీటు మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ మర్నాడే కచేరీ ముందు వైపు నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. ఇక అంతేలే అనుకున్నాను.

ఇవాళ పొద్దున ర్యాంపు మీద చక్రాలు కిర్రుమన్నాయి. నాలాంటి చక్రాలే. గుమ్మం దాకా పోయి ఆగాయి. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఉండమ్మా, తీస్తన్నా," అన్నాడు కొండలు.

ఆ మాట మస్తానమ్మ వినుంటే ఎంత బాగుండేది.