పెట్టెలో దాచిన గొంతు

అర్వో నీమీ గొంతు తెలియనివాడు మా హాంకాక్‌లో ఉన్నాడంటే, వాడు నిన్న గాక మొన్న ఊళ్ళో దిగినవాడై ఉండాలి. ఐస్ హాకీ ఆట ఎప్పుడు జరిగినా రేడియోలో ఆట చెప్పేది అర్వోనే. మనవాళ్లు గోలు కొడితే ఆయన వేసే కేకకి పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టించుకునే ఇల్లాలు ఉండేది కాదు. అలాంటి మనిషికి నరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బొచ్చింది. ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత నాలుక. ఊరినిండా ఇంతమంది వాగుడుకాయలుండగా దేవుడికి ఆ గొంతే కావలసివచ్చిందా అని చర్చి మెట్ల మీదే సణుక్కున్నవాళ్లున్నారు.

మాట పూర్తిగా పడిపోకముందే డాక్టరు ఒక దారి చెప్పాడు. ఉన్న గొంతుతో కొన్ని వందల వాక్యాలు చదివి రికార్డు చేసి పంపితే, ఒక కంపెనీ ఆ గొంతునే యంత్రంలో తయారుచేసి ఇస్తుంది. తర్వాత కళ్లతో తెర మీద అక్షరాలు ఏరుకుంటే చాలు, యంత్రం ఆయనలాగే మాట్లాడుతుంది. రేడియోవాళ్లు పాత టేపులిస్తామన్నారు గానీ వాటినిండా జనం ఈలలూ కేకలే. కంపెనీకి కావలసింది నిశ్శబ్దంలో చదివిన మాటలు.

ఊళ్ళో రికార్డింగు గది ఉన్నది ఒక్క రూడీ కాంగస్‌కి. కార్ల షాపుల ప్రకటనలూ చర్చి పాటలూ రికార్డు చేసుకుంటూ బతికే మనిషి. అర్వో, రూడీ ఒకే బెంచీ మీద దెబ్బలు తిన్నవాళ్లు. ఒకే ఆవిరి గదిలో చెమటలు కక్కి, ఒకే మంచుగుట్టలో దొర్లినవాళ్లు. "ఎంతివ్వాలి రా?" అని అర్వో అడగబోతే, "ఆ మాటెత్తావంటే పళ్లు రాలగొడతాను, అప్పుడు గొంతుతో పాటు పళ్లు కూడా చేయించుకోవాల్సొస్తుంది" అని రూడీ నోరు మూయించాడు.

చదవాల్సిన వాక్యాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. 'బంగాళాదుంపల బండి వంతెన దాటింది.' 'మా పిన్ని నీలం గొడుగు ఎవరు తీశారు?'

"ఒరేయ్, ఇవి రాసినవాడు తాగి రాసుంటాడురా," అనేవాడు అర్వో, మాట ముద్దగా వస్తున్నా.

"నువ్వేమన్నా తాగకుండా చదువుతున్నావా? కానియ్."

అర్వో భార్య ఐలీ రికార్డింగు గది అద్దానికి ఇవతల కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన యాలకుల రొట్టె కోస్తూ వినేది. స్కూలు ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, మహా కచ్చితం. ఇంట్లో అర్వో అలిసిపోయినప్పుడు, ఆసుపత్రివాళ్లిచ్చిన యంత్రంతో మాట్లాడేవాడు. దాంట్లో ఉన్నది ఎవరిదో ముక్కూమొహం తెలియని గొంతు. మెత్తగా, మర్యాదగా, వార్తలు చదువుతున్నట్టుండేది. "ఆ పెద్దమనిషి మా పడకగదిలో మాట్లాడుతుంటే దుప్పటి మెడదాకా లాక్కోవాలనిపిస్తోంది రూడీ," అని నవ్వేది ఐలీ. నవ్వి, చప్పున మొహం తిప్పుకునేది.

ఒకసారి ఆ యంత్రంతోనే అర్వో ఆమెకి ఏదో చెప్పబోయాడట. 'ఐలీ, ఇంతకాలం నీకు చెప్పని మాట ఒకటుంది' అని మొదలుపెట్టాడట. ఐలీ చెయ్యి అడ్డం పెట్టేసింది. "ఇప్పుడొద్దు. నీ గొంతు రానీ, అప్పుడు చెబుదువుగాని. వాడెవడో చెబుతుంటే నేను వినలేను." ఈ సంగతి ఐలీయే రూడీకి చెప్పి, "అందుకని, త్వరగా కానియ్యి నాయనా," అంది. ఆ మాట రూడీ గుండెలో మేకులా దిగింది.

రికార్డు చేసినవన్నీ రూడీ ఒక పెట్టెలో పెట్టేవాడు. గ్రీన్ బే నుంచి ఒక అమ్మకాలాయన వచ్చి అంటగట్టిన పెట్టె అది. లోపల వరసగా కంప్యూటరు డిస్కులుంటాయి. ఏ పని దాచినా ఒక్క డిస్కులో పెట్టదు, ముక్కలుచేసి అన్నిటికీ పంచుతుంది. ఒక డిస్కు చచ్చినా మిగిలినవాటిలో ఉన్న లెక్కతో పోయిన ముక్కని మళ్ళీ కట్టుకుంటుంది. పని ఆపకుండానే చచ్చినదాన్ని లాగి కొత్తది తోసెయ్యచ్చు. చోటు చాలకపోతే ఖాళీ అరలో ఇంకో డిస్కు పెడితే చాలు, సరుకంతా అదే సర్దుకుని పెరుగుతుంది. "ఒక కాలు విరిగినా పడని మంచం సార్ ఇది," అన్నాడా మహానుభావుడు. రెండు కాళ్లు విరిగితే ఏమవుతుందని రూడీ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడానికి ఆయనకేం పట్టింది? ఆ ధీమాతోనే రూడీ వేరే నకలంటూ ఎక్కడా పెట్టలేదు. పెట్టెలోనే అన్నీ పంచి ఉన్నాయి కదా, ఇంకా నకలెందుకనుకున్నాడు. ఇదిగో, ఇలాంటి తెలివే కొంపలు ముంచుతుంది.

పెట్టె ఫ్యాను చప్పుడు మైకులోకి రాకుండా దాన్ని అల్మారాలో పెట్టి, చుట్టూ పాత బొంతలు కట్టాడు. దీపాలు కూడా కనిపించవు. అయినా దానికి నోరుంది. ఏ డిస్కుకైనా ఒంట్లో బాగోకపోతే పదేపదే కూతపెడుతుంది.

ఆ కూత అర్వో చదువుతుండగా మొదలైంది. అప్పటికి ఆయన గొంతు బాగా దిగజారింది. ఒక వాక్యం చదివితే కాసేపు కళ్లు మూసుకుని ఊపిరి కూడదీసుకోవాల్సివచ్చేది. అంత కష్టపడి చదివిన వాక్యం మధ్యలో 'కీఁ' మని కూత పడింది.

"మళ్ళీ ఒక్కసారి చదవరా," అన్నాడు రూడీ.

అర్వో మళ్ళీ చదివాడు. మళ్ళీ కూత. మూడోసారి నోరు తెరిచాడు, మాట రాలేదు. గడ్డం మీదికి చొంగ కారింది. ఐలీ లేచి లోపలికెళ్ళి తుడిచింది.

"ఏమిటా చప్పుడు?" అడిగింది.

"హీటరు గోల. ఉండు, దాని సంగతి చూస్తా," అన్నాడు రూడీ, వాళ్లు బెంగపడకుండా.

అల్మారా తెరిచి చూస్తే ఒక డిస్కు నీరసించిందని తేలింది. చావలేదు, ఇంకా పనిచేస్తోంది. మార్చచ్చు. మారిస్తే పెట్టె పోయిన ముక్కలన్నీ మళ్ళీ కట్టుకునేదాకా రొద పెడుతుంది, ఆ రొదలో రికార్డింగు కుదరదు. ఈలోగా అర్వో నాలుక ఎంత నిలుస్తుందో ఎవరికి తెలుసు? రూడీ ఎక్కువ ఆలోచించలేదు. కూత నొక్కేశాడు. అర్వో చదవడం పూర్తికాగానే డిస్కు మార్చి, కూత మళ్ళీ పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాడు. స్నేహితుడి ఊపిరి వృథా కాకూడదని చేశాడు పాపం, అంతకుమించి వాడి మనసులో ఏమీ లేదు.

చిట్టచివరి వాక్యం చదివిన రోజు ముగ్గురూ ఏడ్చారు. రూడీ భుజాన మోసుకెళ్ళి కారులో కూర్చోబెడుతుంటే, "నీలం... గొడుగు... దొరికిందిరా," అన్నాడు అర్వో. ఆ మర్నాటినుంచి ఆయన నోట అర్థమయ్యే మాట రాలేదు.

అక్కడితో కంపెనీకి పంపేస్తే అయిపోయేది. ఉన్నదున్నట్టు పంపినా చాలని వాళ్లే అన్నారు. రూడీకి చాల్లేదు. అర్వో గొంతులో ఒక గురక ఉండకూడదు, ఒక కుర్చీ కిర్రు ఉండకూడదు. ఒక్కో వాక్యాన్నీ పసిపిల్లకి తల దువ్వినట్టు సాపుచేస్తూ కూర్చున్నాడు. సాపుచేసినదల్లా అందులోనే వేరుగా దాచుకున్నాడు. దాంతో పెట్టెలో చోటు నిండింది.

నీరసించినదాన్ని మార్చడానికని తెప్పించిన కొత్త డిస్కు బల్ల మీదే ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని రూడీ అల్మారా ముందు కాసేపు నిలబడ్డాడు. మారిస్తే పెట్టె గట్టిపడుతుంది గానీ చోటు పెరగదు, పని ఆగిపోతుంది. ఖాళీ అరలో పెడితే చోటొస్తుంది, ఆ వారంలోనే అర్వోకి గొంతొస్తుంది. పొద్దున్నే ఐలీ ఫోన్ చేసి, "ఇంకా ఎన్నాళ్లు రూడీ?" అని అడిగింది. "అయిపోవచ్చింది తల్లీ," అన్నాడు. కొత్త డిస్కుని ఖాళీ అరలోకి తోశాడు.

పెట్టె సరుకంతా కొత్తగా సర్దడం మొదలుపెట్టింది. సర్దాలంటే పాత డిస్కులన్నీ మొదటినుంచి చివరిదాకా తిరగాలి. ముసలి ఎద్దులకి కొత్త బండి కట్టినట్టయింది. నీరసించిన డిస్కు ముందు పోయింది. అప్పుడు కూత వినిపించి ఉంటే రూడీ పక్క గదిలోనే ఉన్నాడు, ఒక్క అంగలో వచ్చి ఆపేవాడు. కూత లేదు. ఒక కాలు విరిగిన మంచంలాగే పెట్టె పని చేసుకుంటూ పోయింది. అన్నీ ఒకేసారి కొన్న డిస్కులు, ఒకేలా అరిగినవి. రెండోది కూడా పోయింది.

బొంత తప్పించి చూసేసరికి రెండు ఎర్ర దీపాలు. రూడీ "అయ్యో, అయ్యో," అంటూ నేల మీద కూలబడ్డాడు.

పోయిన డిస్కుల్లోంచి సరుకు తీసేవాళ్లు మినియాపోలిస్‌లో ఉన్నారంటే పెట్టెని ఒళ్ళో పెట్టుకుని పోయాడు. వాళ్లు చేతనైనంతా చేశారు. చివరికి వచ్చినవి మాటలు కావు, తునకలు. ఒక 'బం', సగం 'వం', ఎక్కడో ఒక ఊపిరి. సర్దుడు మధ్యలో ఆగిపోయింది కాబట్టి ఏది ఎక్కడుందో పెట్టెకే తెలియదన్నారు. గొంతు కంపెనీవాళ్లని అడిగితే, వీటితో ఏమీ చెయ్యలేమని మెత్తగా చెప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తిరిగొచ్చే దారిపొడుగునా రూడీ కారులో ఒక్కడే ఏడ్చాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం అర్వో ఇంటికెళ్ళాడు. గొంతు తెచ్చాడనుకుంది ఐలీ. కాఫీ పొయ్యి మీద పెట్టింది, మంచి కప్పులు తీసింది. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో అర్వో. కళ్లు నవ్వుతున్నాయి.

రూడీ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పెట్టెలో డిస్కులు చచ్చాయని చెప్పాడు, అంతా పోయిందని చెప్పాడు, తిరిగి రాదని చెప్పాడు.

ఐలీ కప్పు బల్ల మీద పెట్టింది.

"మా స్కూలు ఆఫీసులో కూడా అలాంటి పెట్టే ఉండేది రూడీ. డిస్కుకి ఏమన్నా అయితే వరండా చివరికి వినిపించేలా కూసేది. నీది కుయ్యలేదా?"

"కూసింది."

"మరి?"

"ఆపేశాను."

"ఎందుకాపేశావు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. 'వాడి కోసం' అంటే చాలు. ఐలీకి అంతా గుర్తొచ్చేస్తుంది. హీటరు గోలన్న ఆ కూతలు, మూడోసారి పెగలని మాట, గడ్డం తుడిచిన గుడ్డ. ఈ ఇంట్లో ఒక్కరైనా తనని క్షమిస్తారు. కానీ కుర్చీలోని మనిషి? వేలు కూడా కదపలేనివాడు, తన నాలుక తడబడినందుకే తన గొంతు పోయిందన్న మాటని ఉన్న నాలుగు రోజులూ గుండెల మీద మొయ్యాలి. దించుకునే దారి కూడా ఉండదు. రూడీ అర్వో కళ్లలోకి చూశాడు.

"చిరాకేసింది," అన్నాడు. "ఆ గోల భరించలేక ఆపేశాను. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను."

"చిరాకా?" ఐలీ గొంతు పగిలింది. "చిరాకేసి ఆపావా? మా ఆయన ప్రాణాలు ఉగ్గబట్టుకుని చదివిన మాటలు రూడీ అవి! ఒక్క కూత భరించలేకపోయావా?"

"లేకపోయాను."

అర్వో కళ్లు తెర మీదికి తిరిగాయి. ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ చాలాసేపు కదిలాయి. ఆయన మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, చెంపల మీద నీళ్లు. ఆ మనిషి లోపల ఎంత కేక ఉందో రూడీకి తెలుసు, చిన్నప్పటినుంచీ విన్నవాడు. బయటికొచ్చింది మాత్రం ఆ వార్తలు చదివేవాడి మెత్తని గొంతు.

"రూడీ. మా ఇంట్లోంచి వెళ్ళిపో. మళ్ళీ రాకు."

తిట్టినా బాగుండేది. ఏ ఊరి వాతావరణమో చెప్పినంత మర్యాదగా చెప్పింది యంత్రం. రూడీ తలూపి వసారాలోకొచ్చి బూట్లలో కాళ్లు దూర్చాడు. తాళ్లు కట్టుకోవడానికి వంగాడు.

లోపల్నుంచి మళ్ళీ ఆ పరాయి గొంతే, ఆగి ఆగి.

"ఐలీ. కూర్చో. ఇంక ఎదురుచూడడానికి ఏమీ లేదు."

కుర్చీ జరిగిన చప్పుడు.

"మన పాప. కాన్పయ్యేసరికి నీకు స్పృహ లేదు. నర్సు నా చేతికిచ్చింది. కాసేపు బతికే ఉంది. నువ్వు తట్టుకోలేవని, పుట్టకముందే పోయిందని నీకు చెప్పాను. నా చేతుల్లో ఉండగా పేరు పెట్టి పిలిచాను. కళ్లు తెరిచింది."

ఐలీ ఏడుపు వినిపించింది. లేచిపోలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఏం పేరు, అర్వో?" అంది. "చెప్పు. ఏమని పిలిచావు?"

ఆ పేరు వినే హక్కు తనకి లేదనుకున్నాడు రూడీ. తాళ్లు కట్టుకోకుండానే తలుపు తోసుకుని మంచులోకి దిగాడు.