మంచంతో సహా

పెనం మీద దోసె తిరగేస్తూ ప్రసన్నకుమారి హాల్లోంచి వస్తున్న మాటలు వింటోంది. భర్త నరేంద్ర, చెన్నై నుంచి వచ్చిన కౌస్తుభ్ టిఫిన్‌కి కూర్చున్నారు. ఇద్దరూ డాక్యుమెంటరీలు తీసేవాళ్ళే. సాయంత్రం తిరుపతిలోనే ఒక కాలేజీ హాల్లో స్వర్ణముఖి నది మీద నరేంద్ర తీసిన సినిమా వేస్తున్నారు, ఆ తర్వాత చర్చ. అక్కడ చెప్పబోయే మాటల్ని ఇద్దరూ ఇప్పుడే ఒకసారి చెప్పి చూసుకుంటున్నారు. ఊళ్ళోకి కెమెరాతో పోయినవాడు ముందు వినడం నేర్చుకోవాలని, ఏటి గురించి తీసిన సినిమా ఏటి ఒడ్డు వాళ్ళది కావాలని నరేంద్ర అంటున్నాడు. మంచి మాటలే. వాటిలో కొన్ని ఒకప్పుడు ప్రసన్న అతనితో అన్నవే.

వేడి దోసె ప్లేట్లో వేస్తుంటే కౌస్తుభ్ తలెత్తాడు. "మీరు కూడా షూటింగులకి వెళ్తారా మేడం?"

ఆమె నోరు తెరిచేలోపే నరేంద్ర నవ్వాడు. "తను లేకపోతే నాకు అన్నం తినాలని కూడా గుర్తుండదబ్బా. ప్రసన్నా, ఆ కారెం చట్నీ ఇంకొంచెం తెస్తావా?"

చట్నీ తెచ్చింది. తను శబ్దం రికార్డు చేస్తుందని, ఆ సినిమాలో వినిపించే ఇసుక ట్రాక్టర్ల రొద, బోరు మోటరు గాలి పీల్చే చప్పుడు, అన్నీ తన చెవుల్లోంచి పోయినవేనని చెప్పాలనిపించింది. చెబితే గొప్పలు పోయినట్టుంటుందనిపించి ఊరుకుంది. చదువుకునే రోజుల్లో ఇద్దరూ కలిసి తీసిన మొదటి సినిమాకి దర్శకులుగా రెండు పేర్లూ పడ్డాయి. కూతురు ధరణి పుట్టాక ప్రసన్న పేరు 'సహకారం' కిందికి దిగింది. ఈ సినిమాలో కృతజ్ఞతల్లో, ఐరాలలో ఉండే అత్తగారి పేరు తర్వాత ఉంది. "వాడికంటే కెమెరా పిచ్చి. నీకేం పుట్టింది? పసిబిడ్డని యాడ పారేసి పోతావు?" అని ఆ అత్తగారే అడిగింది. అయినా ప్రతి షూటింగుకీ నరేంద్ర ప్రసన్నను తీసుకుపోతూనే ఉన్నాడు. తలుపు దాటి వంటింట్లోకి, పశువుల కొట్టంలోకి, ఆడవాళ్ళు కూర్చున్న చోటికి పోగలిగింది ఆమె ఒక్కతే. "నువ్వు మాట్లాడితేనే వాళ్ళు నోరు తెరుస్తారు" అనేవాడు. ఆ మాట పొగడ్త అనుకుని చాలాకాలం సంతోషపడింది.

రెండేళ్ళ కిందట శ్రీకాళహస్తి అవతల ఏటి ఒడ్డు ఊళ్ళో చంద్రకాంతమ్మ పరిచయమైంది అట్లాగే. చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంటే ప్రసన్న కూడా పక్కన చేరి ఒలిచింది. రెండు మూడుసార్లు పోయాక, నరేంద్ర బయట మగవాళ్ళతో ఉండగా, ఆమె తనంతట తానే "నీ పెట్టె పెట్టమ్మా, సెప్తా" అంది. ప్రసన్న చిన్న కెమెరా పీట మీద నిలబెట్టి మైకు చేత్తో పట్టుకుంది.

"ఏట్లోకి ట్రాక్టర్లు పోను దారి ఇచ్చింది ఎవురనుకుంటివి? మా ఇంటాయన మునిరత్నమే. మా పొలం కయ్యలోనే ఇచ్చినాడు. ఇసుక పోతే బాయి ఎండిపోతాదని నేను సెప్తానే ఉండా. నీకేం తెలుసు పో అన్నాడు. సరేనని ఒకపొద్దు నులకమంచం ఎత్తుకోనిపోయి దారికడ్డంగా ఏసి కూసున్నా. ఎండెక్కేదాకా ఒక్క బండి కదల్లా. మజ్జాన్నానికి మా ఆయన, ఇంకో ముగ్గురు వచ్చి, మంచంతో సహా నన్ను ఎత్తి గట్టు మీద పెట్టినారు. అందరూ నవ్వినారు. పెండ్లికూతురు మాదిరి ఉండావు అన్నాడు ఒకడు. కొట్టుంటే బాగుండు గదమ్మా. కొట్టుంటే ఊరికి తెలిసుండు. నవ్వేసినారు, అంతే." కొంగుతో మొహం తుడుచుకుని, "నా పేరుతోనే పెట్టు. దాచొద్దు. సూస్తే ఆపీసరోళ్ళన్నా వస్తారు" అంది.

ఎడిటింగులో నరేంద్ర అది మొత్తం చూశాడు. చూసినంతసేపూ కదలకుండా కూర్చున్నాడు కూడా. తర్వాత అన్నాడు, "బాగుండాది. కానీ ఇది మొగుడూ పెండ్లాల గొడవ. ఇది పెడితే ఏరు పక్కకి పోతాది." మునిరత్నం గొంతు బాగుంది, ఎండిన బావిలోకి చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదే సినిమాకి ప్రాణమన్నాడు. దారి ఇచ్చినవాడే ఏడుస్తున్నాడని ప్రసన్న వాదించింది. "మనం తీసేది ఏటి కథ. నీకు ప్రతిదీ ఆడోళ్ళ కథే" అన్నాడు. మర్నాడు ధరణికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి అత్తగారు వచ్చింది. ఆమె ఐరాలకి తిరిగి వెళ్ళేసరికి సినిమా పూర్తయిపోయింది. చంద్రకాంతమ్మ తెర మీద మిగిలింది దూరంగా గట్టు మీద బిందె పెట్టుకుని నడిచిపోతున్న ఒక మనిషిగా. మొహం కనిపించదు.

ఆ సాయంత్రం హాలు ముందు చంద్రకాంతమ్మ నిలబడి ఉంది. మునిరత్నానికి శాలువా కప్పుతామని నరేంద్ర పిలిచిన సంగతి తెలుసు. ఆమె కూడా వస్తుందని అనుకోలేదు. మడత నలగని పసుపు చీర కట్టి, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. ప్రసన్న చెయ్యి పట్టుకుని, "కాళస్తిలో బస్సెక్కితే నిలబడే వస్తిమి. సినిమాలో నేను యాడ వస్తానమ్మా? ముందరా, కడాకా?" అని అడిగింది.

"ముందు కూర్చోక్కా" అంది ప్రసన్న. 

ఆమెను రెండో వరసలో కూర్చోబెట్టి, తను వెనక సౌండు పెట్టె దగ్గరికి పోయింది. సినిమా నడిచినంతసేపూ తెర చూడలేదు. కనకాంబరాలు పెట్టుకున్న ఆ తలనే చూసింది. ఒక్కో సన్నివేశం వచ్చేముందు ఆ తల కొంచెం పైకి లేస్తోంది, మళ్ళీ దిగుతోంది. మునిరత్నం ఏడ్చినప్పుడు హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆ తల కదల్లేదు. పేర్లు పడి, దీపాలు వెలిగాక కూడా చంద్రకాంతమ్మ తెరకేసే చూస్తూ ఉంది, ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు.

శాలువా కప్పడం అయింది. వేదిక మీద నరేంద్ర, కౌస్తుభ్ మాట్లాడటం మొదలుపెట్టారు. నదుల గురించి, జనంతో కలిసి పనిచేయడం గురించి. ప్రశ్నలు అడగండి అనగానే హంసిని అనే విద్యార్థిని లేచింది.

"సార్, నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. సినిమాలో ఒక్క ఆడమనిషి కూడా మాట్లాడలేదు. ఎందుకని?"

నరేంద్ర మెత్తగా నవ్వాడు. "మంచి ప్రశ్న. మేం చాలా ప్రయత్నించాం. మన పల్లెల్లో ఆడవాళ్ళు కెమెరా ముందు అంత తొందరగా నోరు విప్పరు. అది మన సమాజంలోని బాధ."

ప్రసన్న లేచింది. ఏం చేయబోతోందో ఆమెకే తెలియదు. ప్రేక్షకుల కోసం పెట్టిన మైకు తీసుకుని నడిచిపోయి, రెండో వరస దగ్గర వంగి చంద్రకాంతమ్మ ముందు పట్టుకుంది.  చంద్రకాంతమ్మ మైకు వైపు చూసింది. పక్కన శాలువాతో కూర్చున్న భర్తను చూసింది. తర్వాత ప్రసన్నను చూసి, ఇద్దరే ఉన్నట్టు నెమ్మదిగా అంది.

"వద్దులేమ్మా. ఆపొద్దే సెప్పేసినా గదా."

మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. మునిరత్నం శాలువా సర్దుకున్నాడు. నరేంద్ర నీళ్ళ సీసా అందుకుని మూత తీయకుండానే పట్టుకున్నాడు. ప్రసన్న మైకు తన నోటి దగ్గరికి తెచ్చుకుంది. మంచం సంగతి చెప్పడానికి తనకి హక్కు లేదు. ఈమె ఇదే మనిషితో మళ్ళీ బస్సెక్కి పోవాలి. "ఈమె పేరు చంద్రకాంతమ్మ" అంది. "ఈమె మాట్లాడింది. రికార్డు చేసింది నేను. సినిమాలో పెట్టలేదు." అంతే చెప్పి మైకు హంసిని చేతికిచ్చింది.

బయట ఆటో కోసం నిలబడినప్పుడు చంద్రకాంతమ్మ నిష్ఠూరంగా ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. "ఆ యేడే నలుగురికీ సూపించుంటే బండ్లు నిలిచిపోతాయేమో అనుకుంటి. ఇప్పుడు ఇసకా లేదు, బండ్లూ రావు. పోనీలే, నువ్వు మాత్రం ఏం సేస్తావు" అంది. ఆ చివరి మాట ప్రసన్న లోపల ఎక్కడో దిగబడిపోయింది. ఏం చేసి ఉండొచ్చో ఆమెకు తెలుసు. అప్పుడే ఆ ఎడిటింగు గదిలోంచి లేవకుండా కూర్చుని ఉండొచ్చు. ఆ ఒక్క ముక్క తనే విడిగా పది మందికి చూపించి ఉండొచ్చు. ఏటికి ఇంకా కొంచెం ఇసుక ఉన్న రోజుల్లో.

ఇంట్లో నరేంద్ర గొంతు పెంచలేదు. "నా పరువు తీసినావు. ఇంట్లో అడిగుండొచ్చు గదా" అన్నాడు. ఇంట్లో అడిగినదే ఇదంతా అని ఆమె అనలేదు. ఆ వారమంతా ఇద్దరూ ధరణి బడి గురించి, పాల గురించి మాత్రమే మాట్లాడుకున్నారు. శనివారం ప్రసన్న ఆ రికార్డింగు ఉన్న ఒక్క హార్డ్‌డిస్కూ సంచిలో వేసుకుని ఒక్కతే శ్రీకాళహస్తి బస్సెక్కింది. ఊరికి పోలేదు. చంద్రకాంతమ్మ కూతురు కోమలి కాళహస్తిలో కలంకారీ పని చేస్తుంది. ఆ ఇంటికి తల్లిని పిలిపించుకుంది. రంగుల వాసన మధ్య ముగ్గురూ చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆ రికార్డింగు చూశారు. మంచం దగ్గరికి వచ్చేసరికి కోమలి తల్లి మొహం చూసి, "నాకెప్పుడూ సెప్పలేదే అమ్మా" అంది. చంద్రకాంతమ్మ తన గొంతు తనే వింటూ, అక్కడక్కడా అవునన్నట్టు తలాడించింది.

తర్వాతి వారం కౌస్తుభ్ ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడి నరేంద్ర వంటింట్లోకి వచ్చాడు. ఎన్నాళ్ళ తర్వాతో మొహం వెలిగి ఉంది. "ప్రసన్నా, అందరూ ఆమె గురించే అడుగుతా ఉండారు. ఆ మంచం కథ ఒక్కటే పెట్టి కొత్త సినిమా చేద్దామంటున్నాడు కౌస్తుభ్. నీ పేరు కూడా వేస్తాను. ఆ రికార్డింగు యాడుండాది?"

ప్రసన్న పొయ్యి కట్టేసింది.

"నా దగ్గిర లేదు. చంద్రకాంతమ్మకి ఇచ్చేసినాను. కావాలంటే నువ్వే ఆ ఊరికి పోయి, ఆమె పక్కన కూర్చుని అడుగు. నేను మాత్రం రాను."