ఎస్తేర్‌రాణి ప్రార్థనాంశం

"మా ఎస్తేరుకి దేవుడు గర్భఫలం ఇవ్వాలమ్మా. అందరూ ప్రార్థనలో పెట్టుకోండి."

హాల్లో అత్తగారు రత్నకుమారి ఆ మాట అనేసరికి, వంటింట్లో టీలోకి అల్లం దంచుతున్న ఎస్తేర్‌రాణి చెయ్యి ఆగిపోయింది. కనకాలపేటలో గృహకూటం ఎవరింట్లో జరిగినా ఇదే వరస. చాప మీద కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ ప్రార్థనాంశం చెప్పుకుంటారు. తర్వాత అందరూ కళ్లు మూసుకుని వాటికోసం ప్రార్థిస్తారు. ఎస్తేరుది మాత్రం పెళ్లయిన దగ్గర్నుంచీ అత్తగారే చెప్పేస్తుంది. ఆమె కడుపు సంగతి పేటంతా తెలుసు. మనసులో ఏముందో అడిగిన నాథుడు లేడు.

ఉన్నదొక్కటే కోరిక. వీడియో గేములకు కథ రాసే ఉద్యోగం. ఆటలో మనుషులు ఏం మాట్లాడాలో, ఆడేవాడు ఏ దారి పడితే కథ ఎటు తిరగాలో రాయాలి. ఆదివారం మధ్యాహ్నాలు భర్త జాషువాతో కలిసి ఫోన్లో ఆడీ ఆడీ అంటించుకున్న పిచ్చి ఇది. ఆ ఆటల్లో ఒక ఆడమనిషి ఎప్పుడూ గుమ్మంలో నిలబడి ఉంటుంది. వీరుడు ఎన్నిసార్లు వచ్చినా అన్నం పెట్టి "జాగ్రత్తగా వెళ్లి రా" అంటుంది. ఇంకో మాట రాదు. ఎవడూ రాయలేదు మరి! పొద్దున్నే జాషువాకి క్యారేజీ అందిస్తూ తనూ ఆ మాటే అంటున్నానని ఒకరోజు తట్టింది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది. జాషువా మంచివాడే. కసరడు, చెయ్యెత్తడు, ఆమె రాసినవి చదివి పడీపడీ నవ్వుతాడు. "ఎంత బాగా రాశావే ఎస్తేరూ!" అంటాడు. ఆ నోటితోనే, "ఉద్యోగమెందుకే బంగారం, నేను సంపాదిస్తున్నాగా. ఖాళీగా ఉన్నప్పుడు సరదాకి రాసుకో" అంటాడు. ఖాళీ ఎక్కడేడిసింది? అంట్లు, బట్టలు, మామగారి మందులు, అత్తగారి మోకాళ్లకు నూనె. ఇదంతా పని కాదట, సంసారమట. ముద్దుగా కట్టినా ముక్కుతాడు ముక్కుతాడే.

అయినా రాసింది. వరద మీద ఆట తయారుచేస్తున్న హైదరాబాదు కంపెనీ ఒకటి, రేవులో చేపలమ్మే మనిషికి మాటలు రాసి పంపమంది. వీరుడు వచ్చి దారి అడిగితే ఎస్తేరు రాసిన మనిషి, "ముందు ఈ తట్ట నెత్తికెత్తు. దారి తర్వాత చెబుతా" అంది. వాళ్లకు తెగ నచ్చేసింది. ఇవాళ పదకొండింటికి వీడియో కాల్లో ఇంటర్వ్యూ. ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం. గృహకూటమూ ఇవాళే వచ్చి పడింది. "ఆ ఇంటర్వ్యూ ఏదో ఇంకో రోజు పెట్టుకోమను. నలుగురొస్తే టీ ఎవరిస్తారు?" అంది నిన్న అత్తగారు. ఇవాళ కుదరకపోతే వేరేవాళ్లను తీసుకుంటామని కంపెనీ ముందే చెప్పేసింది.

పదకొండు కావస్తోంది. టీ గిన్నె పొయ్యి మీదే వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుని ఎస్తేర్‌రాణి హాలు గుమ్మంలోకి వచ్చింది.

"అది మా అత్తయ్యగారి ప్రార్థనాంశమండీ. నాది నేను చెప్పుకుంటాను."

చాప మీద ఆడవాళ్లంతా గుమ్మం వైపు తిరిగారు.

"వీడియో గేములకి కథలు రాసే ఉద్యోగం కావాలండి నాకు. ఇప్పుడే ఇంటర్వ్యూ."

పక్కింటి పాపాయమ్మ నోరు నొక్కుకుంది. "మా మనవడు కూడూ నీళ్లూ మానేసి ఫోన్లో కొట్టుకు చస్తున్నాడే, అదేనా? అది మానిపించే ఉద్యోగమా, ఇంకా ఎక్కించే ఉద్యోగమా?"

"ఎక్కించేదేనండి, పిన్నిగారూ."

"ఓసి నీ దుంపతెగ! దానికి జీతం కూడానా?"

"ఆయ్. ఇస్తారండి."

"అయితే చేద్దాం ప్రార్థన!" అని పాపాయమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

రత్నకుమారి మొహం మాడిపోయింది. "ఇంతమందిలో పరువు తీశావు కదే" అని గొణిగింది. కానీ కూటంలో పెట్టిన కోరికను వద్దనే ధైర్యం ఎవరికుంది? అందరూ కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఆ గేము తాలూకు వాళ్ల మనసు కరిగించు తండ్రీ" అని పాస్టరమ్మగారు అందుకోగానే ఎస్తేర్‌రాణి గదిలోకెళ్లి తలుపేసుకుంది.

ఫోన్లో కంపెనీ వాళ్లు మొదటి ప్రశ్న అడుగుతుండగానే తలుపు దబదబా మోగింది. అత్తగారు ప్రార్థన మధ్యలో లేచొచ్చింది.

"ఎస్తేరూ! టీ పొంగిపోతోందే!"

ఆ కేక వింటే చాలు, ఎస్తేరు కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఇప్పుడూ లేచాయి. పళ్లు బిగించి మళ్లీ కూర్చుంది. ఫోన్లో వాళ్లు వింటుండగానే గొంతెత్తి చెప్పింది:

"మీరు దించండత్తయ్యా. నేను పనిలో ఉన్నాను."

తలుపవతల అడుగులు వంటింటి వైపు నడిచాయి. అక్కణ్నుంచి రత్నకుమారి గొంతు, హాలంతా వినపడేంత గట్టిగా లేచింది:

"పాపాయమ్మా, ఆ గ్లాసులిలా అందుకో. మా కోడలు పనిలో ఉందంట."